47 ఏళ్లకు నడక జట్టు కట్టాలనుకుంటున్నాను, ఎలా మొదలుపెట్టాలి?

గట్టుదారి

నాకు 47 ఏళ్లు. కోనసీమలో కాలువ మీద లాకులు, అంటే పడవలను దాటించే తలుపులు, ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను. సంక్రాంతి వెళ్లాక రక్తపరీక్ష చేయించుకుంటే చక్కెర హద్దు మీద ఉందని తేలింది. మందు ఇప్పుడే అక్కరలేదనీ, తిండి చూసుకుంటూ రోజూ అరగంట తగ్గకుండా నడవమనీ డాక్టరుగారు చెప్పారు. మొదటి వారం ఒక్కదాన్నే బయలుదేరాను. ఎదురుపడిన ప్రతివారూ ఆగి, "ఇంత పొద్దున్నే ఎటమ్మా, ఎవరికైనా బాగోలేదా?" అని అడగడం, నేను సంజాయిషీ చెప్పుకోవడం, ఇలా నడిచిన సేపటికంటే నిలబడిన సేపే ఎక్కువైంది. రెండో వారం మంచు దట్టంగా ఉందని ఒక రోజు, చుట్టాలు వచ్చారని రెండు రోజులు, ఏ కారణమూ లేకుండా మిగిలిన రోజులు మానేశాను.

మా ఊళ్లో ఒక నడక సంఘం ఉంది. అందులో అందరూ మగవారే. ఆడవారిని చేర్చుకుంటారా అని అడిగితే సభ్యత్వ రుసుము ఎంతో, కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి ఎవరెవరు వస్తున్నారో, శాలువాలు ఎక్కడ కొంటారో వివరంగా చెప్పారు గానీ, పొద్దున ఎన్ని గంటలకు నడుస్తారో మాత్రం చెప్పలేకపోయారు. మా వారు ట్రెడ్‌మిల్ కొనిపెడతానన్నారు. పక్కింటివారు కొన్న ట్రెడ్‌మిల్ మీద ఇప్పుడు దుప్పట్లు ఆరేసుకుంటున్నారు కనుక నేనే వద్దన్నాను.

నా ఈడు ఆడవాళ్లను కలుపుకొని చిన్న జట్టు కట్టాలని ఉంది. ఎంతమందిని పిలవాలి, ఎటు నడవాలి, రెండు నెలల్లో చల్లారిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలి? చేసి చూసినవారు చెప్పండి.

ఒంటరి_బాట

జట్టు వద్దు అన్నదే నా సలహా. నేను తణుకులో పదకొండేళ్లుగా ఒక్కడినే నడుస్తున్నాను, ఇప్పుడు నాకు 56 ఏళ్లు. జట్టు కట్టడమంటే, ఉన్నవారిలో అందరికంటే బద్ధకస్తుడెవరో అతని గడియారానికి మిగతావారంతా లోబడటమే. ఒకరి చెప్పు తెగుతుంది, ఒకరికి ఫోను వస్తుంది, ఒకరు ఇంటి తాళం వేశానో లేదో చూసి వస్తానని వెనక్కి వెళతారు. అందరూ కలిసేసరికి ఎండ ఎక్కుతుంది. ఎవరి మీదా ఆధారపడకుండా బయలుదేరే అలవాటు చేసుకున్నవారే ఏళ్ల తరబడి నిలబడతారు. దారిలో అడిగేవారి సంగతి అంటారా, నెల రోజులు చూసి వారే అడగడం మానేస్తారు.

అల్లికసూది

పై పోస్టు రాసినవారు మగవారు కనుక నెల రోజులకు అడగడం మానేశారు. మమ్మల్ని ఆరు నెలలైనా అడుగుతారు, ఆ తరువాత మమ్మల్ని వదిలిపెట్టి మా అత్తగారిని అడుగుతారు.

నేను నరసాపురం దగ్గర ఉంటాను. పాతికేళ్లుగా లేసు అల్లుతున్నాను. మెడ వంచి, ఒకే చోట, రోజుకు ఆరేడు గంటలు కూర్చునే పని ఇది. నలభై దాటాక మెడ పట్టేయడం, నడుము లాగడం, కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. మా వరుసలో అల్లే నలుగురికీ ఇవే బాధలు. ఆరేళ్ల క్రితం నలుగురమూ కలిసి నడవడం మొదలుపెట్టాం, ఇప్పటికీ నలుగురమే. మాకు పేరు లేదు, రుసుము లేదు, అధ్యక్షురాలు అంతకంటే లేదు. రామాలయం అరుగు దగ్గర కలుస్తాం. వచ్చినవారితో బయలుదేరతాం, రానివారి ఇంటికి వెళ్లి తలుపు కొట్టం. ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. మొదట్లో తలుపు కొట్టేవాళ్లం. ఆ ఇంట్లో పెద్దాయన నిద్ర చెడిందని గొడవైంది, రానావిడ మొహమాటంతో రావడం మొదలుపెట్టి, ఆ మొహమాటం విసుగై వారం తరువాత పూర్తిగా మానేసింది. పిలవడం ఆపేశాక తనంతట తానే తిరిగి వచ్చింది.

ఎంతమందిని పిలవాలని అడిగారు. ఏడుగురిని పిలవండి, ముగ్గురు వస్తారు. ఆ ముగ్గురే జట్టు అనుకోండి.

పాత_సైకిల్

ఎక్కువమంది చేరితే ఏమవుతుందో నా దగ్గర ఒక కథ ఉంది. నేను భీమవరం వైపు ఉంటాను. మేము పద్నాలుగు మందిమి ఉత్సాహంగా మొదలుపెట్టాం. మొదటి నెల నిజంగానే నడిచాం. రెండో నెల ఒకాయన, నడవని రోజుకు ఇరవై రూపాయలు జరిమానా వేసుకుందామని సూచించాడు. ఆ డబ్బు పోగుపడేసరికి దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఊరికే ఉంచడం ఎందుకని చీటీ మొదలుపెట్టారు. నాలుగో నెలకల్లా పొద్దున్నే వంతెన మీద నిలబడి పాట పాడుతున్నాం, అంటే చీటీ పాట అని నా భావం, గాత్రం కాదు. ఒకాయన పాట ఎత్తుకున్నాక కనిపించడం మానేశాడు. నడక బృందం వసూలు బృందమై ఆయన ఇంటి చుట్టూ తిరిగింది. ఆ రోజుల్లోనే మేము ఎక్కువ దూరం నడిచామని ఇప్పుడు నవ్వుకుంటాం.

కనుక రూపాయి కూడా మధ్యలోకి రానివ్వకండి. జరిమానా, కానుక, యాత్ర, బట్టల కొనుగోలు, ఏదీ వద్దు.

కొబ్బరాకు

ఆ చీటీ ఎంతకు పోయిందో కూడా రాస్తే మేము మా ఊరి జట్టును రేపే మూసేస్తాం.

చెరువు_కాపు

నాకు ఈ నడక గొడవ అర్థం కాదు. నాకు 49 ఏళ్లు, ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. రాత్రి రెండుసార్లు లేచి గట్టు చుట్టూ తిరుగుతాను, ఏరేటర్లు చూసుకుంటాను, పగలు మేత వేయిస్తాను, చెక్ ట్రేలు ఎత్తి చూస్తాను. రోజంతా కాళ్ల మీదే ఉండే మనిషికి మళ్లీ తెల్లవారుజామున బూట్లు వేసుకుని వేరే నడక ఎందుకు? మా నాన్నగారు ఏ రోజూ నడకకు వెళ్లలేదు, 80 దాటారు.

వార్డు_డ్యూటీ

నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తాను. చెరువు_కాపు గారి ప్రశ్న మా దగ్గరికి వచ్చే రైతులు తరచుగా అడిగేదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పనిలో తిరగడం మంచిదే, అది లెక్కకు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని అప్పుడే తీసేశారు. అయితే మధ్యస్థ శ్రమ అంటే గుండె కొంచెం వేగంగా కొట్టుకోవాలి, ఊపిరి కొంచెం బరువెక్కాలి. గట్టు మీద నాలుగడుగులు వేసి, ఆగి, నీళ్ల రంగు చూసి, మళ్లీ నాలుగడుగులు వేసే తిరుగుడులో అది ఎక్కువసేపు ఉండదు. దానికి సులువైన గుర్తు ఒకటుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాడగలుగుతున్నారంటే వేగం చాలలేదు, మాట కూడా రావడం లేదంటే వేగం మించింది. లెక్క కావాలంటే నిమిషానికి సుమారు 100 అడుగులు, అంటే అరగంటకు 3,000.

రోజుకు పదివేల అడుగుల మాట ఎవరైనా ఎత్తితే కంగారు పడకండి. ఆ సంఖ్య 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరులోంచి ప్రచారంలోకి వచ్చింది, ఏ వైద్యుడో పరిశోధించి పెట్టిన హద్దు కాదు. అంతకంటే తక్కువ నడిచినా మేలు ఉంటుంది.

గట్టుదారి గారికి ఇంకో మాట. చక్కెర హద్దు మీద ఉన్నవారికి భోజనం తరువాత పది, పదిహేను నిమిషాల నడక కూడా బాగా పనిచేస్తుంది, తిన్న తరువాత పెరిగే చక్కెరను అది తగ్గిస్తుంది. పొద్దున జట్టుతో కుదరని రోజు రాత్రి అన్నం తిన్నాక వీధి చివరి దాకా వెళ్లి రండి. మీ జట్టులో ఇన్సులిన్ తీసుకునేవారో, చక్కెరకు మాత్రలు వాడేవారో ఉంటే నడకకు ముందు ఏం తినాలో వారి డాక్టరును అడిగి తెలుసుకోమనండి, చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి కొంగున రెండు పంచదార బిళ్లలు కట్టుకోమనండి. నడుస్తుండగా ఛాతీ బిగిసినట్టుంటే, ఎడమ చేయి లాగితే, అసాధారణమైన ఆయాసం వస్తే, వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకూడదు.

అల్లికసూది

మా నలుగురిలో ఒకావిడ మొదటినుంచి చివరిదాకా భజన పాటలు పాడుతూనే నడుస్తుంది. ఆరేళ్లుగా మేము నెమ్మదిగా నడుస్తున్నామని ఈ రోజు తెలిసింది.

గట్టుదారి

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. జట్టు చిన్నదిగా ఉండాలి, డబ్బు ఉండకూడదు అన్న రెండూ నిశ్చయించుకున్నాను. ఇక దారి సంగతి చెప్పండి. మా ఊళ్లో మెయిన్ రోడ్డు మీద లారీలు ఆగవు. లోపలి వీధులు మూడు మలుపులకే అయిపోతాయి. మిగిలింది కాలువ గట్టు. మా వాళ్లు పాములని భయపెడుతున్నారు.

లస్కరుగారబ్బాయి

మా నాన్నగారు కాలువ మీద లస్కరుగా, అంటే కాలువను, నీళ్లను చూసుకునే పనివాడిగా చేశారు, నేను గట్టు మీదే పెరిగాను. ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉందనుకుంటాను.

అసలు ఈ గట్లు నడవడానికే పుట్టాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన మన డెల్టా కాలువలు సాగునీటికి మాత్రమే కాదు, పడవలకు కూడా. లాకులు ఉన్నది అందుకే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవలను లాగేవారు. అంచేత పాత కాలువల గట్లు చాలావరకు సమంగా, ఎక్కువ ఎత్తుపల్లాలు లేకుండా ఉంటాయి. మోకాళ్లకు సిమెంటు రోడ్డు కంటే అదే మేలు.

పాముల భయం ఉత్తది కాదు గానీ, దాన్ని బట్టి మానేయాల్సినంతా లేదు. వెలుతురు వచ్చాక బయలుదేరండి. ఫిబ్రవరి మొదట్లో మన వైపు సూర్యోదయం సుమారు ఆరున్నరకు అవుతుంది, జూన్‌లో అయిదున్నరకే అవుతుంది. ఏడాది పొడవునా అయిదు గంటలకే అని పట్టుబట్టేవారు శీతాకాలంలో గంటకు పైగా చీకట్లో నడుస్తున్నారన్నమాట. చీకటి తప్పకపోతే టార్చి లైటు ఉండాలి, కాళ్లు కప్పే బూట్లు ఉండాలి, గట్టు నడిమధ్యన నడవాలి, గడ్డి అంచుకు పోకూడదు. వరి కోతల రోజుల్లో చేలల్లోని ఎలుకలు గట్లెక్కుతాయి, వాటి వెనకే పాములు వస్తాయి. ఆ పదిహేను రోజులు రోడ్డు పక్కకు మారండి. ఒకవేళ కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కదలకుండా కూర్చోబెట్టి, బండి మీద తిన్నగా ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి.

మీరు ఇంకా ఆలోచించనిది ఒకటి చెబుతాను. ఏప్రిల్‌లో దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీటి అవసరం తీరాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు అడుగున నిలిచిన నీళ్లు పచ్చబడి వాసన వేస్తాయి, మరమ్మతులు చేసి పూడిక తీస్తే ఆ మట్టినంతా తెచ్చి మీరు నడిచే గట్టు మీదే పోస్తారు. జట్లు ఎక్కువగా విడిపోయేది అప్పుడే. ఎండ పెరుగుతుంది, దారి పోతుంది, పిల్లల సెలవులు వస్తాయి, అందరూ కలిసి మానేస్తారు. రెండో దారిని ఇప్పుడే చూసి పెట్టుకోండి.

కొబ్బరాకు

తోటల్లో నడవమని ఎవరూ చెప్పలేదు, సంతోషం. మా బాబాయిగారు నీడగా ఉంటుందని కొబ్బరితోటలో నడిచేవారు. తల మీద పడలేదు గానీ, ఒక కాయ అడుగు ముందు పడింది. ఆ రోజు ఆయన నడిచిన వేగం నర్సుగారు చెప్పిన కొలతలన్నిటినీ దాటింది.

పాత_సైకిల్

కోతల మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ధాన్యం రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో సగం రోడ్డు మనది కాదు. చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. తొక్కితే రైతు కోప్పడతాడు, పక్కకు తప్పుకుంటే బండి గుద్దుతుంది. ఆ రోజుల్లో మేము హైస్కూలు మైదానంలో పన్నెండు చుట్లు తిరిగేవాళ్లం. విసుగ్గా ఉంటుంది, అయినా ప్రమాదం లేదు.

రేవుమెట్లు

పాముల కంటే నాకు కుక్కలతోనే ఎక్కువ కష్టమైంది. ఒంటరిగా వెళ్లినప్పుడు మూడు కుక్కలు వెంటపడ్డాయి, ఒకటి పిక్క పట్టింది. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాను. నలుగురం కలిసి వెళ్లడం మొదలుపెట్టాక ఆ కుక్కలే తోక ఊపుకుంటూ వీధి చివరి దాకా సాగనంపుతున్నాయి. ఒంటరి_బాట గారు ఈ విషయంలో అదృష్టవంతులు.

ఒంటరి_బాట

అదృష్టం కాదు, చేతికర్ర.

పాలబిందె

నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. నాకు 52 ఏళ్లు. రెండు గేదెలున్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పితికి, అయిదున్నర నుంచి ఇరవై ఇళ్లకు పోసి వస్తాను. మా ఊళ్లో నడిచేవాళ్లందరినీ నేను రోజూ చూస్తాను. వాళ్లు నన్ను చూసి పలకరిస్తారు, రేపు అరలీటరు ఎక్కువ పోయమంటారు. రమ్మని మాత్రం ఏ ఒక్కరూ అనలేదు. నాకు పని ఉంది కనుక నడక అక్కరలేదని వారి అభిప్రాయం అయి ఉంటుంది. నాకూ మోకాళ్లు నొప్పులే, నాకూ నిద్ర పట్టదు, నాకూ నలుగురితో ఊరికే నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంటుంది. బిందె మోస్తూ నడిచేది, చేతులు ఊపుకుంటూ నడిచేది ఒకటేనా? ఆరుంపావుకు అయితే నేను ఖాళీ అవుతాను. గట్టుదారి గారూ, మీరు జట్టుకు టైము పెట్టేటప్పుడు ఎవరిని అడిగి పెడతారు?

గట్టుదారి

ఈ ప్రశ్న చదివి నేను చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను రాసుకున్న ఏడు పేర్లూ మా వీధివే. టైము కూడా మా వీధి వంటలను బట్టి, మా పిల్లల కాలేజీ బస్సులను బట్టి అయిదుంపావు అనుకున్నాను. మళ్లీ ఆలోచిస్తాను.

వార్డు_డ్యూటీ

పాలబిందె గారూ, ఒకటి కాదు. బరువు మోస్తూ, మెట్లెక్కి దిగుతూ, ఆగుతూ చేసే పని మోకాళ్లను అలసగొడుతుంది. చేతులు ఖాళీగా, ఒకే వేగంతో నడిస్తే కీళ్ల బిగుతు కొంత సడలుతుంది. దానితోపాటు తొడ కండరాలకు బలం వచ్చేలా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ముట్లు ఆగే వయసులో ఎముకలు త్వరగా పలచబడతాయి కనుక మన ఈడువారికి ఇది మరీ అవసరం. వాపు గానీ, రాత్రుళ్లు నొప్పి గానీ ఉంటే ముందు చూపించుకోండి.

దిబ్బరొట్టె

ఎవరూ అసలు ప్రమాదం గురించి మాట్లాడటం లేదు. పాలకొల్లులో మా జట్టు మూడు కిలోమీటర్లు నడిచి, సరిగ్గా ఇనుప మూకుడులో దిబ్బరొట్టె ఎర్రగా కాలే వేళకు హోటలు ముందు ఆగుతుంది. అంబాజీపేట బంధువుల ఇంటికి వెళితే అక్కడి నడక పొట్టిక్కల దగ్గర, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీల దగ్గర ముగుస్తుంది. పనసాకుల వాసన గాలిలో తేలి వస్తుంటే ఏ నిగ్రహం నిలుస్తుంది? ఏడాది నడిచాక నా బరువు రెండు కిలోలు పెరిగింది. అయినా పొద్దున్నే లేస్తున్నాను, నిద్ర బాగా పడుతోంది, కనుక మానను.

లస్కరుగారబ్బాయి

పి.గన్నవరంలో కాలువను గోదావరి పాయ మీదుగా దాటించే కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవారిని ఊరికే పంపని ఇల్లాలిగా ఆవిడకు పేరు. ఆ వైపు మా స్నేహితుల జట్టు ఒకటి ఉంది. నడిచి తిరిగి వస్తుంటే ఎవరో ఒకరు అరుగు మీదికి పిలిచి ఇడ్లీ పెట్టకుండా కదలనివ్వరట. ఆవిడ అన్నం పెట్టిన సీమలో నడిచి సన్నబడటం కష్టమే.

రేవుమెట్లు

ఫోను బృందం గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. మా నలుగురి వాట్సాప్ బృందంలో మొదట "రేపు వస్తున్నాను", "రావడం లేదు" అన్న రెండు ముక్కలే ఉండేవి. తరువాత పువ్వుల బొమ్మలతో శుభోదయాలు వచ్చాయి, ఆ తరువాత చక్కెరకు చిట్కాలు వచ్చాయి, ఎన్నికలప్పుడు ఇద్దరు ఒకరినొకరు మాట్లాడుకోవడం మానేశారు. ఆ ఇద్దరూ ఇప్పుడు గట్టుకు చెరో పక్కన నడుస్తారు, మధ్యలో మేమిద్దరం వారధులం. బృందాన్ని తీసేశాం. రానివారు రారు, అంతే.

అల్లికసూది

బూట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తడానికి సిగ్గు కాబోలు. చీర కింద బూట్లు వేసుకుంటే నవ్వుతారని మేము రెండేళ్లు హవాయి చెప్పులతోనే నడిచాం. మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు ఉండేది. చివరికి మా అబ్బాయి కాలేజీలో వేసి వదిలేసిన బూట్లు వేసుకుని వెళ్లాను, అవి ఒక వేలు పొడవు ఎక్కువ. అందరూ నవ్విన మాట నిజమే. నెల తరువాత మిగతా ముగ్గురూ కొనుక్కున్నారు. సాయంత్రం పూట పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కనుక అప్పుడు వెళ్లి కొనుక్కోవాలి, వేళ్ల ముందు కొంత ఖాళీ ఉండాలి. చక్కెర ఉన్నవారు నడిచి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి, చిన్న పొక్కు కూడా తెలియకుండా పుండు కావచ్చు. చీర రెండంగుళాలు పైకి కట్టుకోండి. దానికీ ఒక వారం మాట్లాడుకుంటారు.

చెరువు_కాపు

నర్సుగారు చెప్పిన పాట పరీక్ష నిన్న చెరువు గట్టు మీద చేసి చూశాను. రెండు చరణాలు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేశాయి. నా లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను. అయితే జట్టులో చేరతానని మాత్రం అనను. మా చెరువు చుట్టే ఆగకుండా అయిదు చుట్లు వేస్తాను.

ఒంటరి_బాట

నా పక్షానికి ఒకరు దొరికారు.

గట్టుదారి

మొదలుపెట్టి మూడు వారాలైంది. ఏం జరిగిందో చెప్పడం న్యాయం.

టైము ఆరుంపావుకు మార్చాను. మా వీధివారిని అయిదుగురిని అడిగాను, మా ఇంటికి పాలు పోసే ఆవిడను అడిగాను, లాకుల పక్కన టీ కొట్టు నడిపే ఆవిడను అడిగాను. అల్లికసూది గారు రాసినట్టే ఏడుగురూ వస్తామన్నారు. మొదటి రోజు నలుగురం అయ్యాం, నాలుగో రోజుకు ముగ్గురం. మా వీధివారిలో ఇద్దరు ఆరుంపావు ఆలస్యమన్నారు, ఇంకొకరు కారణం చెప్పలేదు, ఆ కారణం ఏమిటో నాకు తెలుసు. టీ కొట్టు ఆవిడకు పొద్దున బేరం వదలడం కుదరలేదు. పాలు పోసే ఆవిడ ఒక్క రోజు కూడా మానలేదు. ఖాళీ బిందె లాకుల గది అరుగు మీద బోర్లించి మాతో వస్తుంది, మా అందరికంటే వేగంగా నడుస్తుంది, మమ్మల్ని చూసి జాలిపడి మధ్య మధ్య ఆగుతుంది. గట్టు మీద ఏ మలుపు దగ్గర ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఊరికే అరుస్తుందో ఆవిడకు తెలుసు. లస్కరుగారబ్బాయి గారు చెప్పినట్టు ఇప్పటికైతే వెలుతురులోనే నడుస్తున్నాం. చేలు పొట్ట మీద ఉన్నాయి, గాలి చల్లగా ఉంది, చక్కెర సంగతి మూడు నెలల పరీక్షలో గానీ తెలియదు.

పదకొండో రోజున నాకొక అనుభవమైంది. ఆ రోజు ఎవరూ రాలేదు. పాలు పోసే ఆవిడ కూడా గేదె ఈనుతోందని ముందు రోజే చెప్పింది. లాకుల గోడ మీద అయిదు నిమిషాలు కూర్చున్నాను. తిరిగి ఇంటికి పోదామని లేచి, ఒంటరి_బాట గారి మొదటి పోస్టు గుర్తుకు వచ్చి, ఒక్కదాన్నే నడిచాను. మొదటి వారంలో నన్ను ఆపినవారే ఆ రోజు కూడా ఆపారు. అయితే ఎటు వెళుతున్నావని గానీ, ఎవరికి బాగోలేదని గానీ ఒక్కరూ అడగలేదు. "మిగతావాళ్లేరమ్మా?" అన్నారు.

పాలబిందె

గేదె ఈనిన ఇంటి నుంచి మీకు జున్ను వచ్చిందా లేదా, అది రాయలేదు.

గట్టుదారి

వచ్చింది. చక్కెర వేయకుండా మిరియాలతో వండుకోవచ్చునా అని నర్సుగారిని అడగాలనుకుంటూ అడగకుండానే బెల్లం వేసి తినేశాం.

వార్డు_డ్యూటీ

ఆ పోస్టు నేను చదవలేదనుకోండి. తిన్నాక పదిహేను నిమిషాలు నడిచారా?

లస్కరుగారబ్బాయి

రెండో దారి చూసుకున్నారా? మా వైపు ఈసారి పూడిక తీస్తారని అనుకుంటున్నారు.

గట్టుదారి

చూశాం. ఊరి వెనక చేలకు నీళ్లు తీసుకుపోయే పంట బోదె పక్కన చిన్న గట్టు ఉంది, కిలోమీటరున్నర తిన్నగా ఉంటుంది, చివర చింతచెట్టు నీడ ఉంది. అది పాలు పోసే ఆవిడ చూపించిన దారే. కోతల రోజుల్లో మాత్రం అదీ పనికిరాదు, అప్పుడు హైస్కూలు మైదానమే గతి.

ఒంటరి_బాట

అన్నీ బాగున్నాయి గానీ, రానివారి కోసం లాకుల గోడ మీద అయిదు నిమిషాలు కూర్చోవడం ఎక్కువ. రెండు నిమిషాలు చాలు.

గట్టుదారి

ఈ సంగతి ఈ పొద్దున ముగ్గురం చర్చించుకుని మూడు నిమిషాలకు ఒప్పుకున్నాం.